కిట్టు సోల్డరింగ్‌కు ముందు భాగాల పరీక్ష: చేతిలో చవక మీటరు ఒక్కటే ఉన్నప్పుడు

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు కావలి దగ్గరి పల్లెలో ఉండి పాలిటెక్నిక్ చదువుతున్నారు. పోయిన ఏడాది రెండు ట్రాన్సిస్టర్ల ఎఫ్ఎం రేడియో కిట్టు తెప్పించుకుని మొత్తం సోల్డరింగ్ చేశాక అది పలకలేదు. తప్పు భాగానిదో మీ చేతిదో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఎల్ఎం317 అనే మూడు కాళ్ల వోల్టేజి రెగ్యులేటర్ ఐసీ మీద నడిచే, 1.25 నుంచి 30 వోల్టుల వరకు తిప్పుకోగల పవర్ సప్లై కిట్టు వచ్చింది. ఇందులోని ప్రతి భాగాన్నీ ముందుగా పరీక్షించాలా, మీ దగ్గరున్న పసుపుపచ్చ డీటీ830 మల్టీమీటరు అందుకు సరిపోతుందా అని అడిగారు.

చాలావరకు సరిపోతుంది, పరీక్షించడమే మంచిది. అయితే దేనికోసం వెతుకుతున్నామో ముందు తెలిసి ఉండాలి. మొదట ఒంగోలులో, తర్వాత కావలిలో రేడియోలు, టీవీలు, యాంప్లిఫయర్లు, ఈమధ్య రొయ్యల చెరువుల ఏరేటర్ల కంట్రోలు బోర్డులు బాగుచేస్తూ ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. కొత్త పొట్లంలో పూర్తిగా చచ్చిపోయిన భాగం నాకు కనిపించింది చాలా తక్కువ. 220 ఓములు ఉండవలసిన చోట 22 కిలో ఓములు, 50 వోల్టుల కండెన్సర్ ఉండవలసిన చోట 35 వోల్టులది, ఒక నంబరు ముద్ర కింద మరో సరుకు, ఇవే ఎక్కువగా కనిపించాయి. కాబట్టి మీ పరీక్ష "ఇది బతికి ఉందా" అనే దానికంటే "ఇది నిజంగా అదేనా" అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఈ పని సోల్డరింగ్‌కు ముందే ఎందుకు చేయాలో మీ కిట్టులోనే ఒక ఉదాహరణ ఉంది. ఎల్ఎం317 అడ్జస్ట్ కాలికీ అవుట్‌పుట్ కాలికీ మధ్య ఒక 1ఎన్4007 రక్షణ డయోడ్ ఉంటుంది, సరిగ్గా దానికి సమాంతరంగా 220 ఓముల రెసిస్టర్ ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు ఆ డయోడ్‌ను డయోడ్ రేంజిలో పెడితే ఒక వైపు 550, 600 మధ్య అంకె వస్తుంది, తిప్పి పెడితే ఎడమ చివర 1 మాత్రమే నిలుస్తుంది. బోర్డు మీద ఎక్కించాక అదే డయోడ్‌ను పరీక్షిస్తే మీటరు పంపే కొద్దిపాటి కరెంటు రెసిస్టర్ గుండా పోతుంది; అందువల్ల ఎటు పెట్టినా రెండు మూడు వందల దగ్గర ఏదో ఒక అంకె చూపిస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు దాన్ని చూసి డయోడ్ పాడైందని పీకేస్తారు. పీకేటప్పుడు బోర్డు మీది రాగి చారను కూడా లేపేస్తారు. అప్పటినుంచి ఆ బోర్డులో నిజంగానే ఒక తప్పు మొదలవుతుంది.

భాగాలను మీటరుతో చూసే ముందు మీటరునే ఒకసారి చూడండి. దానిలోని 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే ఇది సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది; కొత్త పెన్సిల్ సెల్లును కొలిచినప్పుడు 1.55, 1.6 వోల్టుల మధ్య కాకుండా 1.8 కనిపిస్తే చెడింది సెల్లు కాదు, మీటరు బ్యాటరీ. తర్వాత 200 ఓముల రేంజిలో రెండు ప్రోబుల కొనలు కలపండి. సున్నా రాదు; 0.3 నుంచి 1 ఓము దాకా ఏదో వస్తుంది, అది వైర్లదే కాబట్టి చిన్న విలువలు కొలిచేటప్పుడు దాన్ని తీసివేయాలి. ప్రోబు మెడ దగ్గర వైరును వంచుతూ చూసినప్పుడు ఆ అంకె ఎగిరిపడితే లోపల తీగ సగం తెగి ఉన్నట్లు. చవక మీటర్లకు ఈ జబ్బు చాలా మామూలు. ఆ ప్రోబులతో పరీక్షిస్తే సగం పొట్లం చెడ్డదని తేలుతుంది.

రెసిస్టర్ల మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే కంటి తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఇప్పటి కిట్లలో వచ్చేవి నీలం ఒళ్లు, అయిదు పట్టీలు ఉన్న మెటల్ ఫిల్మ్ రకం. ఆ నీలం మీద గోధుమ, ఎరుపు, నారింజ రంగులను ట్యూబులైటు కింద వేరుచేయడం నా వంటి వయసువారికే కాదు, మీ వయసువారికీ కష్టమే. మీ కిట్టులో ముఖ్యమైన 220 ఓముల రెసిస్టర్ పట్టీలు ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. దాన్నే పొరపాటున అటునుంచి చదివితే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, ఎరుపు అవుతుంది, అంటే 2 శాతం తేడా గల 10 కిలో ఓములు. రెండు చదువులూ అర్థవంతంగానే ఉంటాయి, కాబట్టి తప్పు చేసినట్లు మనసుకు తోచదు. 4.7 కిలో ఓములది తిరగేసి చదివితే చివర పసుపు పట్టీ వచ్చి వెంటనే అనుమానం వస్తుంది; ఈ 220 అలా హెచ్చరించదు. ఆ స్థానంలో 10 కిలో ఓములది ఎక్కిస్తే లోడు ఉన్నప్పుడు గుండీని చివరిదాకా తిప్పినా 2 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, లోడు తీసేస్తే అదుపు లేకుండా పైకి పోతుంది. మీరు పాపం ఐసీ చెడ్డదని నిర్ణయిస్తారు.

అందుకని పట్టీలు చదవడం మానేసి ప్రతి రెసిస్టర్‌నూ మీటరుతో కొలిచి, విలువ రాసిన కాగితానికి గుచ్చి పెట్టుకోండి. మీ మీటరు ఓముల రేంజిలలో దాని సొంత తప్పే దాదాపు ఒక శాతం ఉంటుంది, కాబట్టి 1 శాతం రెసిస్టర్ 223 చూపిస్తే దాన్ని తిట్టకండి. 220 అనుకున్నది 215 నుంచి 225 లోపల ఉంటే చాలు. కొలిచేటప్పుడు రెండు చేతుల వేళ్లూ రెండు కొనలను తాకకూడదు, ఎందుకంటే అప్పుడు మీ ఒళ్లు కూడా పక్కన మరో రెసిస్టర్‌గా చేరుతుంది. 220 ఓములకు దానివల్ల ఏమీ కాదు గాని, రేపు వేరే కిట్టులో 1 మెగా ఓము కొలిచేటప్పుడు చెమట చేతులతో పట్టుకుంటే సగం విలువ కనిపించినా ఆశ్చర్యం లేదు. ఒక కొనను బల్లమీద ప్రోబుతో అదిమి పట్టి, రెండో కొనను మాత్రమే చేత్తో పట్టుకోవడం నా అలవాటు.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సముద్రపు గాలి తగిలే చోట తెరిచి ఉంచిన భాగాల కాళ్లు కొన్ని నెలల్లో నల్లబడతాయి. కార్తీక మాసపు వానల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ నలుపు మీద ప్రోబు ఆనిస్తే మంచి భాగం కూడా ఓపెన్ అయినట్లు, అంటే లోపల తెగినట్లు, కనిపిస్తుంది, సోల్డరు కూడా దాని మీద పారకుండా ముత్యంలా ఉండలు కడుతుంది. బ్లేడుతో రెండు గీతలు గీకి మెరుపు కనిపించాక కొలవండి. మా దుకాణంలో కండెన్సర్లనూ ఐసీలనూ మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో, వేయించిన బియ్యం మూటతో పాటు పెట్టేవాళ్లం. పిల్లలు అడిగితే పరమాన్నానికని చెప్పేవాణ్ని.

డయోడ్లు ఆరు ఉంటాయి, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో నాలుగు, రక్షణకు రెండు. ఆరింటినీ రెండు వైపులా పైన చెప్పినట్లు చూడండి. ఎర్ర ప్రోబు పట్టీ లేని వైపు, నల్ల ప్రోబు పట్టీ ఉన్న వైపు పెట్టినప్పుడే అంకె రావాలి. ఒకటి 200 దగ్గర చూపి మిగిలినవి 570 దగ్గర చూపితే అది చెడ్డది కాదు, అదే ఒంటితో వచ్చే 1ఎన్5819 వంటి షాట్కీ డయోడ్; అది ఓర్చుకునే వెనక వోల్టేజి 40 మాత్రమే కాబట్టి మీ బ్రిడ్జిలో పనికిరాదు. ఎర్ర ఎల్ఈడీని ఇదే రేంజిలో పెడితే మసకగా వెలుగుతుంది. నీలం, తెలుపు ఎల్ఈడీలు వెలగకపోతే చెడ్డవని అనుకోవద్దు, వాటికి కావలసినంత వోల్టేజి ఈ మీటరు ఇవ్వలేదు. 104 అని ముద్ర ఉన్న చిన్న సిరామిక్ కండెన్సర్లను, అంటే 0.1 మైక్రోఫారడ్‌వి, షార్టు లేదని చూసి వదిలేయండి, వాటి విలువలో కొంత తేడా ఉన్నా ఈ సర్క్యూట్‌కు ఫరవాలేదు.

పెద్ద కండెన్సర్ దగ్గర మాత్రం ఆగాలి. మీ కిట్టుతో 2200 మైక్రోఫారడ్లు, 35 వోల్టుల కండెన్సర్ వచ్చిందని, ట్రాన్స్‌ఫార్మరు 24 వోల్టులదని రాశారు. మీటరు తీయకముందే దాన్ని పక్కన పెట్టండి. 24 వోల్టుల ఏసీ శిఖరం 33.9 వోల్టులు, బ్రిడ్జిలో 1.4 పోతే 32.5 మిగులుతుంది. లెక్కకు 35 లోపలే ఉంది. కాని ఆ 24 వోల్టులు కరెంటు సరిగ్గా 230 ఉన్నప్పటివి. వ్యవసాయ మోటార్లు ఆగిన వేళ పల్లె లైనులో 250 దాకా రావడం మీకు తెలియనిది కాదు. అప్పుడు 26.1 వోల్టుల ఏసీ వస్తుంది, శిఖరం 36.9, బ్రిడ్జి దాటాక 35.5. దానికి తోడు లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు తన ముద్ర కంటే ఎక్కువే ఇస్తుంది. 35 వోల్టుల కండెన్సర్ మొదటి రోజు పేలదు, వేడెక్కుతూ కొన్ని నెలలు పనిచేసి, ఒక రాత్రి నెత్తి ఉబ్బుతుంది. 50 వోల్టులది కొని వేయండి. ఎల్ఎం317 ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య భరించే తేడా కూడా 40 వోల్టులే కాబట్టి, నన్నడిగితే 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుతో 20 వోల్టుల సప్లై చేసుకోవడం మేలు. విద్యార్థి బల్ల మీద 30 వోల్టుల అవసరం ఎప్పుడో గాని రాదు.

కొత్త కండెన్సర్‌ను కొలవడానికి మీ మీటరులో కెపాసిటీ రేంజి లేదని బాధపడకండి. 12 వోల్టుల అడాప్టరు, మీరు కొలిచి ఉంచుకున్న 10 కిలో ఓముల రెసిస్టర్, ఫోనులోని స్టాప్‌వాచి చాలు. కండెన్సర్‌ను ముందు 100 ఓముల రెసిస్టర్‌తో కాసేపు షార్టు చేసి ఖాళీ చేయండి. దాని నెగటివ్‌ను అడాప్టరు నెగటివ్‌కు కలిపి, పాజిటివ్‌ను 10 కిలో ఓముల గుండా అడాప్టరు పాజిటివ్‌కు తాకించిన క్షణంలో వాచి మొదలుపెట్టండి. మీటరును 20 వోల్టుల రేంజిలో కండెన్సర్ మీదే ఉంచండి. 2200 మైక్రోఫారడ్లకు 10 కిలో ఓములతో కాలాంకం 22 సెకన్లు, అంటే అన్ని సెకన్లలో అది అడాప్టరు వోల్టేజిలో 63 శాతానికి, 12కు 7.6 వోల్టులకు చేరాలి. కండెన్సర్ల విలువలో 20 శాతం తేడా మామూలే కాబట్టి 18 నుంచి 26 సెకన్ల మధ్య ఎప్పుడు చేరినా మంచిదే. 10 సెకన్లకే చేరితే లోపల ఉన్నది 1000 మైక్రోఫారడ్లే, పైన ఏం ముద్రించినా సరే.

దాన్ని అలాగే అయిదు నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. 11.8, 11.9 దగ్గర నిలిస్తే లీకేజి లేనట్లే. 10 దగ్గర ఆగిపోతే మిగిలిన 2 వోల్టులు రెసిస్టర్ మీద పడుతున్నాయి, అంటే 0.2 మిల్లీ యాంపియర్ కారుతోంది. చాలాకాలం నిలవ ఉన్న కండెన్సర్ లోపలి ఆక్సైడ్ పొర పలచబడి మొదట ఇలా చేయవచ్చు. అరగంట అలాగే ఉంచితే పొర తిరిగి కట్టుకుని వోల్టేజి మెల్లగా పైకి పాకుతుంది. పాకకపోతే అది కొత్తదైనా వద్దు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న కాంపోనెంట్ టెస్టరు కొనాలనిపిస్తే కొనండి, చాలా ఉపయోగం. జర్మనీలో మార్కుస్ ఫ్రేజెక్ మొదలుపెట్టి తర్వాత కార్ల్‌హైంజ్ క్యూబెలర్ పెంచిన నమూనా నుంచే అవి చాలావరకు వచ్చాయి. ఛార్జి ఉన్న కండెన్సర్‌ను దానిలో పెడితే మాత్రం టెస్టరు ఆ క్షణంలోనే పోతుంది. నాది మొదటిది అలాగే పోయింది.

ఇక ఎల్ఎం317. దీన్ని డయోడ్ రేంజిలో కాళ్ల మధ్య కొలిచి మంచిదో చెడ్డదో చెప్పగలమని కొందరంటారు, నేను నమ్మను. దానికి పని ఇచ్చి చూడాలి. అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి ఉంచితే ఎడమనుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. ఎప్పుడూ 5 వోల్టులే ఇచ్చే 7805 రెగ్యులేటర్ అలవాటున ఎడమ కాలికి ఇన్‌పుట్ ఇచ్చి చెడగొట్టేవారు చాలామంది, రెండూ చూడటానికి కవలలే. బ్రెడ్‌బోర్డు మీద ఇన్‌పుట్‌కు 12 వోల్టులు ఇచ్చి, అడ్జస్ట్‌ను నేరుగా నెగటివ్‌కు కలిపి, అవుట్‌పుట్‌కూ నెగటివ్‌కూ మధ్య మీ 220 ఓముల రెసిస్టర్ పెట్టండి. అవుట్‌పుట్ 1.2 నుంచి 1.3 వోల్టుల లోపల రావాలి. రెసిస్టర్ తీసేసి కొలిస్తే మాత్రం అంకెను నమ్మకండి, నియంత్రణ నిలవడానికి ఈ ఐసీకి కొన్ని మిల్లీ యాంపియర్ల కనీస లోడు కావాలి.

ఇంతటితో ఆగకూడదని నేర్చుకున్నది నెల్లూరు రొట్టెల పండుగకు ఒక యాంప్లిఫయర్ బాగుచేసినప్పుడు. స్వర్ణాల చెరువు దగ్గర ఒక దుకాణం వారిది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. ఒక షాపులో నాలుగు 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు కొన్నాను. జంక్షన్లన్నీ మీటరులో ముచ్చటగా చూపాయి, గెయిన్ (కరెంటును పెంచే శక్తి) కూడా వచ్చింది. బిగించి సాయంత్రం పాట పెడితే పది నిమిషాలు దాటకముందే రెండు మాడిపోయాయి. మర్నాడు వాడని ఒకదాని మూతను హాక్సా బ్లేడుతో కోసి, పాత రేడియో నుంచి పీకిన అసలు 2ఎన్3055 ఒకదాన్ని కూడా కోసి పక్కపక్కన పెట్టాను. పాతదానిలో సిలికాన్ ముక్క కందిబద్దంత ఉంది. కొత్తదానిలో అదే డబ్బా, అదే ముద్ర, లోపల నువ్వుగింజంత ముక్క. 15 యాంపియర్లు మోయవలసిన పని దానికి ఎలా చేతనవుతుంది? మీటరు పంపేది ఒక మిల్లీ యాంపియర్, ఆ మిల్లీ యాంపియర్‌కు నువ్వుగింజైనా కందిబద్దైనా ఒకే జవాబు చెబుతాయి.

కాబట్టి మీ ఎల్ఎం317కు హీట్‌సింకు బిగించి, కిట్టులోని 5 కిలో ఓముల పాట్‌ను (గుండీతో తిప్పే రెసిస్టర్‌ను) కూడా బ్రెడ్‌బోర్డు మీదికి తెచ్చి, అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు తిప్పి, 10 ఓములు 5 వాట్ల రెసిస్టర్‌ను లోడుగా ఇవ్వండి. అర యాంపియర్ పోతుంది, ఐసీలో 3.5 వాట్ల వేడి పుడుతుంది. పావుగంట తర్వాత కూడా అవుట్‌పుట్ 5 దగ్గరే కదలకుండా ఉంటే అది నిలబడే సరుకు. వోల్టేజి దిగుతూ పోతే హీట్‌సింకు చిన్నదైనా కావచ్చు, ఐసీ నకిలీ అయినా కావచ్చు. ముందు పెద్ద హీట్‌సింకు వేసి తేల్చుకోండి. బిగించేటప్పుడు ఈ ఐసీ వెనకరేకు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుందని మరచిపోవద్దు, 7805లో లాగా నెగటివ్‌కు కాదు. ఇదే పరీక్షలో పాట్ సంగతి కూడా తెలుస్తుంది: మెల్లగా తిప్పినప్పుడు వోల్టేజి మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా పైకి ఎగిరితే లోపలి ముల్లు కార్బన్ దారిని వదిలేస్తోందన్నమాట. అలాంటి పాట్ ఒకనాడు మీరు దానికి తగిలించిన వస్తువును కాల్చేస్తుంది, మార్చేయండి.

ట్రాన్స్‌ఫార్మరును మీటరుతో చూస్తే ప్రైమరీ (మెయిన్స్ వైపు చుట్ట) వంద ఓముల చుట్టుపక్కల, సెకండరీ (24 వోల్టుల వైపు చుట్ట) ఒకటి రెండు ఓములు రావచ్చు, పరిమాణాన్ని బట్టి మారతాయి. ప్రైమరీకీ సెకండరీకీ, ప్రైమరీకీ ఇనుప చట్రానికీ మధ్య 2000 కిలో ఓముల రేంజిలో కూడా ఏ అంకే రాకూడదు. వస్తే దాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు. రాకపోయినా నూరు శాతం భరోసా కాదు, ఇన్సులేషన్‌ను సరిగ్గా చూడాలంటే 500 వోల్టుల మెగ్గరు కావాలి. మీ కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబులో ఉంటుంది, అడగండి. మొదటిసారి మెయిన్స్‌కు పెట్టేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సిరీస్ బల్బు, అంటే ప్రైమరీకి వరుసలో కలిపిన బల్బు, వాడండి. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు అయి ఉండాలి, ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. సెకండరీకి ఏమీ కలపకుండా స్విచ్ వేస్తే బల్బు ఆరినట్లే ఉండాలి, లేదా లోపలి తీగ ఎర్రగా కనీకనిపించాలి. నిండుగా వెలిగితే వైండింగులో చుట్లు కలిసిపోయాయి. ప్లగ్గు పీకకుండా ఏ తీగనూ ముట్టుకోవద్దు, ఈ పని ఒంటరిగా చేయవద్దు.

ఖాళీ బోర్డును కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. వెంట్రుకవాసి రాగి రెండు చారలను కలిపిన చోట్లు, చార మధ్యలో తెగిన చోట్లు అలా వెంటనే కనిపిస్తాయి. అనుమానం ఉన్న చోటే మీటరు వాడండి, అంతా కొలవనక్కరలేదు.

పలకని మీ ఎఫ్ఎం బోర్డు సంగతి. అలాంటి కిట్లలో మన దేశంలో తరచుగా వచ్చేది ఒక బీఎఫ్494, ఒక బీసీ547. రెండూ నల్లటి చిన్న ప్లాస్టిక్ ఒంటివే, కాని బీసీ547లో మధ్య కాలు బేస్, బీఎఫ్494లో మధ్య కాలు ఎమిటర్. స్థానాలు మారితే ఏ భాగమూ చెడకుండానే రేడియో మూగదవుతుంది. బోర్డు మీద కొలవకండి, డయోడ్ సంగతిలో చెప్పిన మోసమే ఇక్కడా ఉంటుంది. రెండింటినీ సోల్డరును పీల్చే రాగి వత్తితో జాగ్రత్తగా తీసి, డయోడ్ రేంజిలో ఎర్ర ప్రోబును ఒక్కో కాలి మీద పెట్టి, నల్లదాన్ని మిగిలిన రెండింటి మీదా మార్చి చూడండి. ఏ కాలి నుంచి రెండు వైపులా 650 దగ్గర అంకె వస్తుందో అది బేస్. ఆ రెండు అంకెల్లో కొంచెం ఎక్కువ చూపేది ఎమిటర్ వైపు. అలా మూడు కాళ్లూ గుర్తించాక ఒంటిమీది నంబరుతోనూ బోర్డు మీది గుర్తులతోనూ పోల్చండి. మధ్య కాలు బేస్ అయిన ట్రాన్సిస్టర్ బీఎఫ్494 గుర్తు దగ్గర కూర్చుని ఉంటే, ఏడాదిగా మిమ్మల్ని వేధిస్తున్నది అదే కావచ్చు.